వీధి కన్నా స్టేషనే బరువు: పోలీసు ఉద్యోగంలో నమ్మకం, ఒత్తిడి

పోలీసు ఉద్యోగంలో ఒత్తిడి అనగానే ఎవరికైనా మనసులో మెదిలేవి ఆయుధాలు, అల్లర్లు, ప్రమాదస్థలాలు, అర్ధరాత్రి వచ్చే పిలుపులు. ఆ ఉద్యోగం చేసేవారినే ఏది ఎక్కువగా కుంగదీస్తోందని పద్ధతి ప్రకారం అడిగిన పరిశోధకులకు మాత్రం తరచుగా వేరే జవాబు ఎదురైంది. 1981లో అమెరికాలో చార్లెస్ స్పీల్‌బర్గర్ బృందం పోలీసుల కోసం 60 అంశాలతో ఒక ఒత్తిడి ప్రశ్నావళిని రూపొందించింది. 2006లో కెనడా పరిశోధకులు డొనాల్డ్ మెక్‌క్రియరీ, మేగన్ థాంప్సన్ ఇంకో అడుగు ముందుకు వేసి, విధి నిర్వహణలో ఎదురయ్యే ఒత్తిడికి ఒకటి, సంస్థ కారణంగా పుట్టే ఒత్తిడికి ఒకటి చొప్పున, ఒక్కొక్కదానిలో 20 అంశాలతో రెండు ప్రశ్నావళులు ఇచ్చారు. ఇలాంటి కొలమానాలతో వేర్వేరు దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో పదేపదే తేలింది ఏమిటంటే, సంస్థాగత ఒత్తిడి వీధిలోని ఒత్తిడికి ఏ మాత్రం తీసిపోదు, చాలాచోట్ల దానికన్నా ఎక్కువే.

ఆ రెండో ప్రశ్నావళిలోని అంశాలను వరుసగా చదివితే విషయం తేటతెల్లమవుతుంది. ఒకరికో రూలు, ఇంకొకరికో రూలు నడుస్తున్నట్టు అనిపించడం, ఎన్నేళ్లు పనిచేసినా శాఖ ముందు తనను తాను నిరూపించుకుంటూనే ఉండాల్సి రావడం, పని పంపకంలో హెచ్చుతగ్గులు, జబ్బుపడితే తోటివారు చిన్నచూపు చూడటం, పై అధికారులు మంచిని వదిలి తప్పులనే ఎంచడం, నిలకడ లేని నాయకత్వం, శాఖాపరమైన విచారణలు వాటిలో ఉన్నాయి. సిబ్బంది కొరత, కాగితాల పని వంటివి పక్కన పెడితే, దాదాపు సగం అంశాలు వేషం మార్చుకుని వచ్చిన నమ్మకం ప్రశ్నలే. అంటే ఒత్తిడిని కొలవబోయిన పరిశోధకులు తెలిసో తెలియకో నమ్మకాన్నీ కొలుస్తూ వచ్చారన్నమాట.

వీధిలోని ప్రమాదం కన్నా స్టేషన్ లోపలి వ్యవహారం ఎందుకు ఎక్కువ బరువవుతుందన్నది సహజంగా వచ్చే సందేహం. ప్రమాదం ఈ ఉద్యోగంలో భాగమని చేరిన రోజే తెలుసు. దాన్ని ఎదుర్కోవడానికి శిక్షణ ఉంది, పక్కన మనిషి ఉంటాడు, చేతిలో వైర్‌లెస్ సెట్ ఉంటుంది, ఎంత భయంకరమైన సంఘటనకైనా ఒక ముగింపు ఉంటుంది. సొంత శాఖ నుంచి వచ్చే అన్యాయానికి ఇవేవీ వర్తించవు. దానికి శిక్షణ లేదు, అది ఎప్పుడు వస్తుందో తెలియదు, డ్యూటీ దిగినా అది దిగదు, ఎదురు తిరిగితే ఇంకా పెద్దదవుతుంది. పైగా అది రావాల్సిన దిక్కు నుంచి వచ్చింది కాదు. నేరస్థుడు అబద్ధం చెప్పడం మామూలే కాబట్టి అది ఎవరినీ గాయపరచదు, తనకు అండగా నిలవాల్సిన అధికారి మాట మార్చడం మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

నమ్మకం అనే మాటను ఇక్కడ కాస్త కచ్చితంగా వాడుకోవాలి. నిర్వహణ శాస్త్రంలో ఎక్కువగా ఉదహరించే నిర్వచనం 1995లో రోజర్ మేయర్, జేమ్స్ డేవిస్, డేవిడ్ షూర్మన్ ఇచ్చినది. ఎదుటి వ్యక్తిని గమనించే, అదుపు చేసే వీలు తనకు లేకపోయినా, అతని చర్యలవల్ల తనకు నష్టం కలగవచ్చని తెలిసినా, ఆ స్థితికి ఒప్పుకోవడమే నమ్మకం అని వారి భావన. దానికి వారు మూడు ఆధారాలు చూపారు: సమర్థత, మేలుకోరే గుణం, నిజాయితీ. పోలీసు శాఖలో ఈ మూడూ విడివిడిగా పనిచేస్తాయి. గుంపును అదుపు చేయాల్సిన చోట ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో తెలిసిన అధికారి సమర్థతపై నమ్మకం కుదురుతుంది. అదే అధికారి రేపు విచారణ వస్తే కింది ఉద్యోగి పక్షాన ఒక్క మాటైనా చెబుతాడా అన్నది వేరే ప్రశ్న. నోటిమాటగా ఇచ్చిన ఆదేశాన్ని ఆ తర్వాత తానే ఇచ్చానని ఒప్పుకుంటాడా అన్నది మూడోది, నా అంచనాలో అన్నిటికన్నా పదునైనది. లాఠీ వాడమని వైర్‌లెస్‌లో కాక పక్కకు పిలిచి చెప్పే అధికారి సమర్థుడే కావచ్చు, మంచివాడే కావచ్చు, కానీ ఆ పక్కకు పిలవడంలోనే కింది ఉద్యోగికి కావలసిన సమాచారం అంతా ఉంది.

పని ఒత్తిడిపై 1979లో రాబర్ట్ కరాసెక్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం, పని భారం ఎక్కువగా ఉండి, ఆ పనిపై తనకు అదుపు తక్కువగా ఉన్నచోట మనిషి త్వరగా అలసిపోతాడు. పోలీసు ఉద్యోగం ఈ నమూనాకు ఒక చిక్కుముడి. గస్తీలో ఉన్న కానిస్టేబుల్‌కు ఉన్నంత విచక్షణాధికారం చాలా కార్యాలయాల్లో పెద్ద అధికారులకు కూడా ఉండదు. ఎవరిని ఆపాలి, ఎవరిని వదలాలి, ఎప్పుడు బలం వాడాలి అనేవి క్షణాల్లో ఒంటరిగా తీసుకోవాల్సిన నిర్ణయాలు. అదే మనిషికి స్టేషన్ లోపల తన వారాంతపు సెలవు మీద కూడా అదుపు ఉండదు. వీధిలో అపారమైన స్వేచ్ఛ, లోపల కటిక నియంత్రణ. ఈ రెంటి మధ్య వంతెనగా నిలవాల్సింది నమ్మకమే. తన నిర్ణయాన్ని పైవారు ఆ క్షణంలోని పరిస్థితిని బట్టి తూకం వేస్తారన్న భరోసా ఉంటే విచక్షణ ఒక అధికారంగా అనిపిస్తుంది. ఫలితాన్ని బట్టి తీర్పు చెబుతారన్న భయం ఉంటే అదే విచక్షణ మెడకు గుదిబండ అవుతుంది.

దీన్ని దగ్గరగా చూడాలంటే రాత్రి డ్యూటీలో ఉన్న ఒక కానిస్టేబుల్‌ను ఊహించుకుంటే చాలు. ఆమె ఒక కారును ఆపింది. డ్రైవర్ దిగనన్నాడు, దిగాక తోశాడు, ఆమె అతని చేయి మెలితిప్పి కారు బానెట్‌కు అదిమి పట్టింది. గాయాలేమీ లేవు. ఆ పెనుగులాట తాలూకు గుండెదడ కాసేపట్లో తగ్గిపోతుంది. తర్వాత నివేదిక రాయడానికి కూర్చున్నప్పుడు మొదలయ్యే ఆదుర్దా మాత్రం అంత తేలికగా పోదు. ‘దిగమని రెండుసార్లు చెప్పాను’ అని రాస్తుంది, దాన్ని ‘కనీసం రెండుసార్లు’ అని మారుస్తుంది, చివరికి ఆ వాక్యమే కొట్టేసి మళ్లీ మొదలుపెడుతుంది. ఎదురుగా రోడ్డు పక్కన ఎవరో ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నట్టు గుర్తు, అతను ఎంతసేపు తీశాడో తెలియదు. తెల్లారి ఆ వీడియోలో చివరి కొన్ని సెకన్లే బయటికి వస్తే, తన పై అధికారి ముందు తనను పిలిచి ఏం జరిగిందని అడుగుతాడా, లేక మెమో చేతికిచ్చాక మాట్లాడతాడా? ఆమె రాస్తున్న ప్రతి మాట ఈ ప్రశ్నకు సమాధానం ఎలా ఉంటుందన్న అంచనా మీదే ఆధారపడి ఉంటుంది. నమ్మకం ఉన్నచోట నివేదిక జరిగింది చెబుతుంది, లేనిచోట రాసేవారిని కాపాడుతుంది. రెండో రకం నివేదికలతో నిండిన శాఖకు తన వీధుల్లో నిజంగా ఏం జరుగుతోందో తెలిసే మార్గం క్రమంగా మూసుకుపోతుంది.

నమ్మకం ఒకటే ముద్ద కాదు. తోటివారిపై నమ్మకం, దగ్గరి పై అధికారిపై నమ్మకం, శాఖను నడిపే ఉన్నత యంత్రాంగంపై నమ్మకం అని దాన్ని మూడుగా విడదీసి కొలవడం పరిశోధనల్లో వాడుక, ఈ మూడూ ఒకదానితో ఒకటి కలిసి నడవాలన్న నియమం లేదు. 1983లో ఎలిజబెత్ రూస్-ఇయాని న్యూయార్క్ పోలీసుల మధ్య జరిపిన అధ్యయనంలో, ఒకే శాఖలో వీధి పోలీసులది ఒక లోకం, నిర్వహణ చూసే అధికారులది ఇంకో లోకంగా చీలిపోవడాన్ని వివరించింది. కింది స్థాయివారు ఒకరినొకరు గట్టిగా పట్టుకుని ఉంటారు, పైవారిని మాత్రం బయటివారిగానే చూస్తారు.

తోటివారిపై నమ్మకం ఒత్తిడిని తగ్గిస్తుందన్నది నిజమే. పిలిస్తే వస్తారన్న ధీమా లేకుండా ఈ ఉద్యోగంలో చీకటి సందులోకి అడుగు పెట్టలేరు. అయితే పైవారిపై నమ్మకం చచ్చిపోయిన చోట తోటివారి మధ్య నమ్మకం గట్టిపడే తీరు వేరుగా ఉంటుంది. అది అండగా మొదలై, ఒకరి తప్పును ఇంకొకరు కప్పిపుచ్చే మౌన ఒప్పందంగా మారుతుంది. 2011లో స్కాట్ వుల్ఫ్, అలెక్స్ పికెరో ఫిలడెల్ఫియా పోలీసుల సమాచారాన్ని పరిశీలించినప్పుడు, శాఖ తమతో న్యాయంగా వ్యవహరిస్తోందని భావించిన అధికారుల్లో దుష్ప్రవర్తన తక్కువగానూ, తోటివారి తప్పులపై మౌనం పాటించాలన్న ధోరణి బలహీనంగానూ కనిపించాయి. బయటివారికి కేవలం నైతిక పతనంగా కనిపించే ఈ మౌనం వెనుక, నిజం చెబితే అది న్యాయంగా వాడబడదన్న అంచనా కూడా చాలావరకు ఉంటుంది. అందుచేత ఆ మౌనాన్ని శిక్షలతో మాత్రమే ఛేదించాలనుకునే శాఖలు దాన్ని ఇంకాస్త బిగించుకునే ప్రమాదం ఉంది.

ఈ వృత్తిలో నమ్మకం నిలవడం కష్టం కావడానికి వృత్తిధర్మమే ఒక కారణం. ప్రమాదం, అధికారం అనే రెండు అంశాలు పోలీసు వ్యక్తిత్వాన్ని మలుస్తాయని, అనుమానం అందులో భాగమవుతుందని సామాజిక శాస్త్రవేత్త జెరోమ్ స్కోల్నిక్ 1966లోనే రాశాడు. అనుమానించడం అక్కడ లోపం కాదు, నేర్చుకున్న నైపుణ్యం. చెప్పిన మాట వెనుక చెప్పని కారణం వెతకడం రోజంతా చేసే మనిషి, తన బదిలీ ఉత్తర్వును మాత్రం ముఖవిలువకే తీసుకోవాలని ఆశించడం అత్యాశ. మరుసటి ఏడాది పోలీసుల్లోని నిరాశావాదాన్ని వివరించిన ఆర్థర్ నీడర్‌హాఫర్, అది రెండు వైపులకు తిరుగుతుందని చూపాడు: ఒకటి మొత్తం మనుషుల మీదికి, రెండోది పోలీసు వ్యవస్థ మీదికే. రెండోది ముదిరిన అధికారి మంచి నిర్ణయాన్ని కూడా కుట్రగానే చదువుతాడు. అందువల్ల ఇక్కడ పారదర్శకత మిగతా కార్యాలయాల్లో కన్నా ఎక్కువ మోతాదులో అవసరమవుతుంది. కారణం చెప్పని ఉత్తర్వు వేరేచోట ఉదాసీనతను మిగిల్చితే, పోలీసు స్టేషన్‌లో ఒక కథను పుట్టిస్తుంది.

ఆ కథలు ఎక్కువగా పుట్టేది డ్యూటీ చార్టు దగ్గరే. ఎవరికి వరుసగా రాత్రి డ్యూటీలు పడ్డాయి, పండుగ రోజు సెలవు ఎవరికి దక్కింది, వాహనం నడిపే సుఖమైన పని ఎన్ని నెలలుగా ఒకరి చేతిలోనే ఉంది అన్నవి ఆ కాగితం చూసిన క్షణంలో అందరికీ అర్థమైపోతాయి. నిద్ర సంగతి అసలే అంతంతమాత్రం. 2011లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఉత్తర అమెరికాకు చెందిన దాదాపు 5,000 మంది పోలీసులను పరీక్షిస్తే, సుమారు 40 శాతం మందిలో ఏదో ఒక నిద్ర రుగ్మత లక్షణాలు బయటపడ్డాయి. అదే ఏడాది కేరెన్ అమెండోలా బృందం డెట్రాయిట్, ఆర్లింగ్టన్ నగరాల్లో 8, 10, 12 గంటల షిఫ్టులను పోల్చి చూసిన ప్రయోగ ఫలితాలు వచ్చాయి. 10 గంటల షిఫ్టుల్లో ఉన్నవారు 8 గంటలవారి కన్నా ఎక్కువ నిద్రపోయారు, వారి ఓవర్‌టైమ్ కూడా తగ్గింది. గంటల సంఖ్య ఎంత ముఖ్యమో, ఆ గంటలు ముందుగా తెలియడం, ఒకసారి వేసిన చార్టు ఫోన్ కాల్‌తో చెరిగిపోకపోవడం కూడా అంతే ముఖ్యం. ఇవ్వని సెలవు కన్నా ఇచ్చి వెనక్కి తీసుకున్న సెలవే ఎక్కువ చేదు.

ఈ ఒత్తిడి ఆరోగ్యంపై చూపే ప్రభావం చిన్నది కాదు. 24 దేశాలకు చెందిన 2,72,463 మంది పోలీసు సిబ్బంది సమాచారాన్ని క్రోడీకరించి 2020లో వెలువడిన ఒక విశ్లేషణలో 14.6 శాతం మందిలో కుంగుబాటు, 14.2 శాతం మందిలో తీవ్ర సంఘటనల అనంతరం వచ్చే మానసిక ఒత్తిడి రుగ్మత, నాలుగో వంతు మందిలో హానికరమైన స్థాయిలో మద్యపానం కనిపించాయి. సహోద్యోగుల మద్దతు తక్కువగా ఉండటం కూడా సమస్యలతో ముడిపడి ఉన్నట్టు అందులో తేలింది. ఇంత అవసరం ఉన్నా సహాయం కోరేవారు తక్కువ. దీనికి కారణంగా మగతనపు బింకాన్ని, వృత్తిలోని గర్వాన్ని ఎత్తిచూపడం పరిపాటి. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే కౌన్సెలర్ గదిలోకి వెళ్తే ఆ సంగతి ఎవరి బల్లమీదికి చేరుతుంది, సర్వీస్ ఆయుధం వెనక్కి తీసుకుంటారా, పదోన్నతి సమయంలో ఆ కాగితం బయటికి వస్తుందా అని ఆలోచించే మనిషిది బింకం కాదు, లెక్క. ఆ లెక్కను మార్చగలిగేది సలహాల పోస్టర్లు కాదు, గోప్యతపై ఇచ్చిన మాట నిలబెట్టుకున్న చరిత్ర.

కెనడాలోని మాంట్రియల్ నగర పోలీసు శాఖ అనుభవం ఈ విషయంలో గమనించదగినది. 1997లో అక్కడ ఆత్మహత్యల నివారణకు మొదలుపెట్టిన కార్యక్రమంలో అన్ని విభాగాలకూ అవగాహన శిక్షణ, పర్యవేక్షకులకూ యూనియన్ ప్రతినిధులకూ ప్రత్యేక శిక్షణ, సాటి పోలీసులే ఫోన్ ఎత్తే గోప్యమైన సహాయ లైను కలగలిపారు. బ్రయాన్ మిషారా, నార్మాండ్ మార్టిన్ 2012లో ప్రచురించిన మదింపు ప్రకారం, తర్వాతి 12 ఏళ్లలో ఆ శాఖలో ఆత్మహత్యల రేటు 79 శాతం తగ్గింది, ఆ నగరం ఉన్న క్యూబెక్ రాష్ట్రంలోని మిగతా పోలీసు శాఖల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. యాజమాన్యం, యూనియన్ సాధారణంగా ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకునే వ్యవస్థలో ఇద్దరి ప్రతినిధులకూ ఒకే పనిలో శిక్షణ ఇవ్వడం, ఫోన్‌కు అవతలి వైపు ఈ ఉద్యోగం ఎలా ఉంటుందో తెలిసిన గొంతు ఉండటం ఇందులో కీలకమైనవిగా తోస్తాయి.

దీనికి భిన్నంగా, ఘోరమైన సంఘటన తర్వాత అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒక్కసారి మాట్లాడించి పంపే పద్ధతి చాలాకాలం ప్రచారంలో ఉంది. ఒక్క విడత డీబ్రీఫింగ్ మానసిక రుగ్మతను నివారిస్తుందనడానికి ఆధారం లేదని, వైద్య పరిశోధనలను క్రోడీకరించి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2002 సమీక్ష తేల్చింది. తూతూమంత్రంగా జరిగే సంక్షేమ కార్యక్రమాలకు ఇంకో దుష్ఫలితం కూడా ఉంది: శాఖ తన బాధ్యత తీరిందనుకుంటుంది, సిబ్బంది తమ మాట ఎవరూ వినలేదనుకుంటారు.

నమ్మకం పెంచాలంటే పెద్ద సంస్కరణలే కావాలన్న భావన ఒకటి ఉంది. అమెరికాలోని సియాటిల్‌లో జరిగి 2018లో ఫలితాలు వెలువడిన ఒక ప్రయోగం ఆ భావనను కొంత సడలిస్తుంది. ఎమిలీ ఓవెన్స్, డేవిడ్ వైస్‌బర్డ్, కేరెన్ అమెండోలా, జెఫ్రీ ఆల్పర్ట్ నిర్వహించిన ఆ ప్రయోగంలో, గస్తీ అధికారులను వారి పర్యవేక్షకులు పిలిచి, ఈమధ్య జరిగిన ఒక మామూలు సంఘటన గురించి క్రమశిక్షణ చర్యలతో సంబంధం లేకుండా మాట్లాడారు. ఎందుకలా చేశావని నిలదీయకుండా, అప్పుడు ఏం ఆలోచించావు, ఏం గమనించావు అని అడిగి, చెప్పింది పూర్తిగా విన్నారు. పౌరులతో అధికారులు ఎలా మెలగాలని శాఖ కోరుకుంటోందో, అధికారులతో పర్యవేక్షకులు అలాగే మెలిగారు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు ఈ సంభాషణలు జరిగిన అధికారులు అరెస్టుతో ముగించిన సంఘటనలు, బలప్రయోగం చేసిన సంఘటనలు తగ్గాయి. ఒక్క సంభాషణతో శాఖ మారిపోయిందని దీని అర్థం కాదు, ప్రభావం పరిమాణం చిన్నదే. అయినా పై నుంచి కిందికి వచ్చే మర్యాద అక్కడితో ఆగకుండా స్టేషన్ గడప దాటి పౌరుడి వరకూ వెళ్తుందనడానికి ఇంత నేరుగా దొరికే ఆధారాలు తక్కువ.

నమ్మకం అంటే చూసీచూడనట్టు వదిలేయడమన్న అపోహ ఇక్కడే తొలగించుకోవాలి. తమవారిని ఏం చేసినా వెనకేసుకొచ్చే అధికారిపై సిబ్బందికి ఉండేది నమ్మకం కాదు, అవసరం. అది ఎంత చప్పున పుడుతుందో అంత చప్పున పోతుంది, ఎందుకంటే అలాంటి అధికారి తనదాకా వస్తే ఎవరినైనా వదిలేస్తాడని అందరికీ తెలుసు. సంస్థాగత న్యాయంపై, అంటే సంస్థ తన సిబ్బందితో ఎంత న్యాయంగా వ్యవహరిస్తుందన్నదానిపై జరిగిన పరిశోధనలు పదేపదే చెప్పేది, శిక్ష పడటం కన్నా ఆ శిక్ష ఎలా నిర్ణయమైందన్నది మనిషిపై ఎక్కువ ముద్ర వేస్తుందని. ఆరోపణ ఏమిటో ముందే తెలియడం, తన వాదన వినడం, పై ర్యాంకుకూ కింది ర్యాంకుకూ ఒకే కొలమానం ఉండటం, విచారణ ఏళ్లకేళ్లు సాగకపోవడం, తేలిన ఫలితాన్ని కారణాలతో తెలియజేయడం వంటివి ఖర్చులేని పనులు. అయినా వాటిని పాటించడం అరుదవుతుంది, ఎందుకంటే అవి అధికారి చేతిలోని అనిశ్చితి అనే ఆయుధాన్ని లాగేసుకుంటాయి. శరీరానికి తగిలించే కెమెరాల విషయంలో కూడా సిబ్బంది అసలు ఆందోళన రికార్డింగ్ గురించి కాదు, ఆ రికార్డింగ్‌ను ఎవరు, ఏ ఉద్దేశంతో వెతుకుతారన్నదే.

ఈ అంశంపై ఉన్న పరిశోధనలను కొంత జాగ్రత్తతోనే చదవాలి. వాటిలో ఎక్కువభాగం ఒకే సమయంలో, ఒకే వ్యక్తి నుంచి తీసుకున్న జవాబులపై ఆధారపడినవి. నమ్మకం తగ్గి ఒత్తిడి పెరిగిందా, ఒత్తిడితో అలసిపోయిన మనిషికి అందరూ నమ్మరానివారిగా కనిపిస్తున్నారా అన్నది అలాంటి సమాచారంతో తేలదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయన్నదే ఎక్కువ సబబుగా తోచే వివరణ. కొలతలోనే ఉన్న ఇంకో చిక్కు గురించి చర్చ తక్కువగా జరుగుతుంది. పేరు రాయనక్కర్లేదని చెప్పిన సర్వే పత్రంలోనే మొదటి పేజీలో ర్యాంకు, సర్వీసు కాలం, వయసు, స్త్రీయా పురుషుడా, ఏ స్టేషన్ అని అడుగుతారు. 30 మంది ఉన్న స్టేషన్‌లో 12 ఏళ్ల సర్వీసు ఉన్న మహిళా అధికారి ఒక్కరే ఉంటే ఆమెకు పేరు రాయకపోవడంతో ఒరిగేదేమీ లేదు. పై అధికారిపై మీకు ఎంత నమ్మకం ఉందన్న ప్రశ్నకు ఆమె ‘చాలా ఉంది’ అన్న గడిలోనే టిక్కు పెడుతుంది, లేదా పత్రం ఖాళీగా తిరిగి ఇచ్చేస్తుంది. ఈ లెక్కన నమ్మకం బొత్తిగా లేని స్టేషన్లే సర్వే నివేదికల్లో ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపించే అవకాశం ఉంది. అందువల్ల ఎవరెవరు ఏమని జవాబిచ్చారన్నదానితో పాటు, ఏ స్టేషన్ నుంచి ఎన్ని పత్రాలు తిరిగి రాలేదు, వాటిలో ఏ ప్రశ్నలు ఖాళీగా మిగిలాయి అన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.